కూలి సకాలంలో చేతికందితే

కార్తీక్ మురళీధరన్ అమెరికాలోని శాన్‌డియాగోలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడు. 2007లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఆయనకు పేరు తెచ్చిన పరిశోధనలు చాలావరకు తెలుగు పల్లెల్లోనే జరిగాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది 2010 నుంచి 2012 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో సాగింది. ఆదిలాబాద్, అనంతపురం, కడప, కర్నూలు, నల్లగొండ, నెల్లూరు, విజయనగరం, ఖమ్మం ఆ జిల్లాలు. ఉపాధి హామీ కూలి డబ్బులు సరిగ్గా, సకాలంలో చేతికందితే కూలీ బతుకులో ఏం మారుతుంది, అతణ్ని పనికి పిలిచే ఆసామి చేలో ఏం మారుతుంది అన్నవి ఆ పరిశోధన అడిగిన ప్రశ్నలు. పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇందులో ఆయనకు సహ పరిశోధకులు.

ఈ ప్రశ్నలు ఎంత బరువైనవో ఖమ్మం జిల్లా ఉత్తరపు అంచుకు వెళ్తే అర్థమవుతుంది. డోర్నకల్ నుంచి భద్రాచలం రోడ్ వైపు వెళ్లే రైలు మార్గంలో కారేపల్లి ఒక జంక్షన్. ఇల్లెందు లైను ఇక్కడే చీలుతుంది. మండలం పేరు సింగరేణి, దాని కేంద్రం కారేపల్లి. ఆ సింగరేణి ఊరి పేరే రాష్ట్రమంతా ఎరిగిన బొగ్గు కంపెనీ పేరయింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టారు. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. అప్పటినుంచీ ఈ నేల మీద రెండు రకాల కూలి లోకాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. బొగ్గు బాయిలో పర్మినెంటు కార్మికుడికి జాతీయ వేతన ఒప్పందం ఉంది, ప్రావిడెంట్ ఫండు ఉంది, కంపెనీ ఆసుపత్రి ఉంది. అదే కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడికి వీటిలో కొన్నే దక్కుతాయి. రోడ్డు దాటి తండాల్లోకో, కోయగూడేల్లోకో వెళ్తే వ్యవసాయ కూలీకి ఇవేవీ లేవు. వానాకాలం వరినాట్లు, ఆ తర్వాత పత్తి ఏరడం, సంక్రాంతి దాటాక మిర్చి తోటలు, ఎండాకాలం తునికాకు. పని ఉన్న రోజు కూలి, లేని రోజు పస్తు. మిర్చి కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా ముఠాలు దిగుతాయి. కాయ ఏరే చేతులు ఎక్కువైతే రేటు నిలబడదు.

శ్రమ మార్కెట్‌లో అసమానత అంటే ఒకరికి ఎక్కువ జీతం, మరొకరికి తక్కువ జీతం అనేంతటితో అయిపోదు. రేటు చెప్పేది ఎవరు, ఒప్పుకోక తప్పనిది ఎవరికి అన్నదే అసలు సంగతి. వద్దనగలిగిన వాడికే బేరమాడే బలం ఉంటుంది. వద్దంటే పొయ్యి వెలగని ఇంటికి ఆ బలం ఉండదు.

2005లో పార్లమెంటు చేసిన ఉపాధి హామీ చట్టం ఈ బలాన్ని కొంతైనా కూలీ వైపు తిప్పే ప్రయత్నం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. దేశంలో తొలి విడత తీసుకున్న 200 జిల్లాల్లో ఖమ్మం ఒకటి. అడిగిన ప్రతి గ్రామీణ కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని, ఆడ మగ తేడా లేకుండా ఒకే కూలి అన్నది చట్టం ఇచ్చిన మాట. తెలంగాణ పల్లెల్లో దీన్ని నేటికీ కరువు పని అనే పిలుస్తారు. తెలుగు నేల మీద ఈ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే. చేలల్లో మగకూలికి, ఆడకూలికి మధ్య ఎంత తేడా ఉండేదో ఎరిగినవాళ్లకు సమాన కూలి ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు.

2005 నాటి ఆ చట్టం మరో మాట కూడా ఇచ్చింది. పని ముగిసిన పదిహేను రోజుల్లో కూలి చెల్లించాలి. ఇక్కడే పథకం కుంటుపడింది. ఫీల్డ్ అసిస్టెంటు మస్టరు, అంటే హాజరు పట్టీ, రాయాలి, కొలతలు తీయాలి, మండల ఆఫీసులో లెక్క ఎక్కాలి, డబ్బు పోస్టాఫీసుకు రావాలి. కూలీ పోస్టాఫీసుకు వెళ్తే ఈ రోజు డబ్బు రాలేదనో, సంతకం కుదరలేదనో వెనక్కి పంపేవారు. ఒక్కో రోజు తిరుగుడు ఒక్కో రోజు కూలిని మింగేది. పైగా పని చేయనివాళ్ల పేర్లు మస్టర్లలో ఎక్కేవి. చేసినవాళ్ల దినాలు కాగితం మీద ఒకలా, చేతికొచ్చిన డబ్బులో మరోలా ఉండేవి. రోజు గడవని ఇల్లు నెల తర్వాత వచ్చే కూలిని నమ్ముకుని ఉండలేదు. సాయంత్రానికి డబ్బు చేతిలో పెట్టే ఆసామి దగ్గరికి, ఎంత తక్కువిచ్చినా సరే, వెళ్లక తప్పదు. కాగితం మీద వంద రోజుల హక్కు ఉన్నా, ఆలస్యం ఆ హక్కులోని బేరం బలాన్ని తినేస్తుంది.

కూలి రేటు పెంచితే చాలనుకోవడం ఎంత పొరపాటో మురళీధరన్ సహ పరిశోధకులు ఒడిశాలో ముందే చూశారు. తెలుగు నేల సరిహద్దున ఉన్న గజపతి, కోరాపుట్, రాయగడ జిల్లాల్లో నీహాస్, సుఖ్తాంకర్ పరిశోధన చేశారు. 2007లో అక్కడి ప్రభుత్వం ఉపాధి కూలిని రోజుకు 55 రూపాయల నుంచి 70కి పెంచింది. ఖజానా నుంచి పెంపు డబ్బు కదిలింది. కూలీ చేతికి మాత్రం ఆ పదిహేను రూపాయల్లో ఏమీ చేరలేదని వాళ్లిద్దరూ ఇంటింటి సర్వేను సర్కారు లెక్కలతో పోల్చి తేల్చారు. రాజధానిలో తీసుకున్న నిర్ణయానికీ పల్లెలో చేతికందే పైకానికీ మధ్య ఉన్న దారే అసలు విధానమని ఆ అనుభవం చెప్పింది.

మురళీధరన్ మాత్రం మొదట బడుల వైపు నుంచి వచ్చారు. మైకెల్ క్రేమర్ తదితరులతో కలిసి దేశవ్యాప్తంగా ప్రభుత్వ ప్రాథమిక బడులకు చెప్పకుండా వెళ్లి చూసిన సర్వేలో ఆయన భాగస్వామి. తనిఖీ చేసిన రోజున నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరని తేల్చిన సర్వే అది. క్రేమర్‌కు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలతో పాటు నోబెల్ బహుమతి వచ్చింది. లాటరీ పద్ధతిలో కొన్ని ఊళ్లను ఎంచి, వాటికి ఒక మార్పు చేసి, మిగతా ఊళ్లతో పోల్చే పద్ధతిని పేదరికం మీద పరిశోధనకు విస్తృతంగా వాడినందుకు ఇచ్చిన బహుమతి అది. ఆ పద్ధతినే మురళీధరన్ ఆంధ్రప్రదేశ్‌కు తెచ్చారు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, రాష్ట్ర ప్రభుత్వం సహకారంతో, వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి ఐదు జిల్లాల గ్రామీణ బడుల్లో ఏళ్ల తరబడి పని చేశారు.

ఆ బడుల పరిశోధనలో కూడా శ్రమ అసమానత ఉంది. అప్పట్లో కాంట్రాక్టు టీచరుకు, అంటే మన ఊళ్లలో విద్యా వాలంటీరు అని పిలిచే మనిషికి, రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతు మాత్రమే వచ్చేది. లాటరీలో తేలిన వంద బడులకు ఒక్కో అదనపు కాంట్రాక్టు టీచరును ఇచ్చి రెండేళ్లు చూశారు. ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా మెరుగయ్యారు. రెగ్యులర్ టీచర్లతో పోలిస్తే వీళ్ల పనిలో లోటేమీ కనిపించలేదు. ఈ ఫలితాన్ని చూపి టీచర్లందరినీ తక్కువ జీతానికే పెట్టుకోవచ్చని కొందరు వాదించారు. ఆ వాదన న్యాయం కాదు. ఒకే పనికి ఐదు రెట్లు తేడా ఉన్న జీతాలు ఉండటమే ఆ ఫలితం నుంచి నేర్చుకోవలసిన మొదటి సంగతి. జీతం పెంచడమొక్కటే పని తీరు మార్చదని కూడా ఆయన మరో చోట చూశారు. ఇండోనేషియాలో టీచర్ల జీతాలు రెట్టింపు చేసినా పిల్లల చదువులో మార్పు రాలేదని సహ పరిశోధకులతో రాసిన వ్యాసం బాగా చర్చకు వచ్చింది.

బడుల నుంచి కూలి పనికి రావడానికి దారి వేసింది స్మార్ట్‌కార్డు. పింఛన్లు, ఉపాధి కూలి వేలిముద్ర మీద చెల్లించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో పని మొదలుపెట్టింది. ఎనిమిది జిల్లాల్లో మాత్రం తొలుత ఒప్పుకున్న బ్యాంకులతో పని సాగలేదు. 2010లో అక్కడ మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. అప్పుడు పరిశోధకులు ప్రభుత్వాన్ని ఒక మాట అడిగారు. అన్ని మండలాలకూ ఒకేసారి కార్డులు ఇవ్వడం ఎలాగూ కుదరదు, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీలో తేల్చండి. ప్రభుత్వం ఒప్పుకుంది. 112 మండలాలకు ముందు, 45 మండలాలకు చివర. రెండింటి మధ్య మరో 139 మండలాలను ఎడంగా ఉంచారు. ముందు వచ్చిన, చివర వచ్చిన 157 మండలాల్లో దాదాపు కోటీ తొంభై లక్షల మంది ఉన్నారు. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున, మండలం అనే ప్రమాణంతో జరిగిన లాటరీ పరిశోధనలు చాలా అరుదు.

లాటరీ అంటే పేదల బతుకులతో ఆట అనిపించవచ్చు. ఇక్కడ ఎవరికీ రావలసినది ఆపలేదు. ఎలాగూ విడతలవారీగా జరిగే పనికి పలుకుబడి బదులు చీటీ వరస నిర్ణయించింది. మామూలుగా ముందు ఎవరికి వస్తుంది? ఎమ్మెల్యే పట్టుబట్టిన మండలానికి, రోడ్డు బాగున్న మండలానికి. అలా ఇచ్చి రెండేళ్ల తర్వాత చూస్తే, అక్కడి మార్పు కార్డు వల్ల వచ్చిందో, రోడ్డు వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. చీటీ తీస్తే రెండు వైపులా ఒకలాంటి మండలాలే ఉంటాయి, తేడా వస్తే అది కార్డు వల్లే. ఈ ఒక్క జాగ్రత్తే ఈ పరిశోధన బలం.

పని ఇలా జరిగింది. కూలీ పది వేళ్ల ముద్రలు, ఫోటో తీసి బ్యాంకు ఖాతా తెరిచారు. ఒక్కో జిల్లాను ఒక్కో బ్యాంకుకు అప్పగించారు. ఊళ్లోనే ఉండే ఒక మనిషి, ఎక్కువగా పొదుపు సంఘంలో ఉన్న, కొంత చదువుకున్న మహిళ, వేలిముద్ర మిషను పట్టుకుని కూర్చుంటుంది. కూలీ వేలు పెడితే ఖాతాలోని డబ్బు అక్కడే చేతికిస్తుంది, మిషను రసీదు ఇస్తుంది. పోస్టాఫీసుకు పోయే పని లేదు. మరో సంగతిని పరిశోధకులు ప్రత్యేకంగా గుర్తుచేశారు. కార్డు లేనివాళ్లకు డబ్బు ఆపలేదు, పాత పద్ధతిలో ఇస్తూనే ఉన్నారు. రెండేళ్లకు ముందు వచ్చిన మండలాల్లో కూడా చెల్లింపుల్లో సగం దాకానే కార్డు మీద జరిగాయి. పథకం సగమే అమలైందన్న మాట. వచ్చిన ఫలితాలు ఆ సగం అమలు ఇచ్చినవే.

2012లో ఇళ్లకు వెళ్లి అడిగారు. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది, అంటే ఐదో వంతు. పని చేసిన రోజుకూ డబ్బు చేతికొచ్చిన రోజుకూ మధ్య ఆలస్యం 29 శాతం తగ్గింది. ఈసారి ఎప్పుడొస్తుందో అన్న అనిశ్చితి 39 శాతం తగ్గింది. ఈ చివరి అంకె పైకి అంతగా కంటికి ఆనదు గానీ, కిరాణా కొట్టులో అప్పు పెట్టే ఇల్లాలికి అన్నిటికంటే పెద్దది అదే. ఫలానా వారం డబ్బు వస్తుందని చెప్పగలిగితేనే షావుకారు అప్పు ఇస్తాడు. కూలీ కుటుంబం చెప్పిన ఉపాధి సంపాదన 24 శాతం పెరిగింది. ప్రభుత్వం ఖర్చు మాత్రం పెరగలేదు. అంటే ఆ పెరిగిన డబ్బు అంతకు ముందు దారిలోనే మాయమవుతున్నదన్న మాట. ఖజానా నుంచి బయలుదేరి కూలీకి చేరని డబ్బు 41 శాతం తగ్గింది. వృద్ధాప్య, వితంతు పింఛన్లలోనూ ఇదే జరిగింది. కూలీలకు కలిసొచ్చిన సమయం విలువ ఒక్కటి కట్టినా పథకం ఖర్చుకు సరిపోయింది. కార్డు చూసిన కూలీల్లో నూటికి తొంభై మందికి పైగా పాతదానికంటే ఇదే మేలన్నారు.

ఆ తొంభై శాతం మాటకు తర్వాత ఒక పని పడింది. మధ్యలో మిగుల్చుకునే డబ్బు పోవడంతో నష్టపోయినవాళ్లు కిందిస్థాయిలో ఉన్నారు. వాళ్ల ఫిర్యాదులు పైకి చేరాయి. బాగుపడ్డ లక్షల మంది కూలీలు ఎవరికీ అర్జీ పెట్టలేదు. మేలు పొందినవాళ్లు చెదురుమదురుగా ఉంటారు, నష్టపోయినవాళ్లు ఆఫీసు గుమ్మంలోనే ఉంటారు. ఒక దశలో కార్డులు ఆపేయాలన్న ఆలోచన ప్రభుత్వంలోనే వచ్చింది. కూలీల అభిప్రాయం లెక్కలతో సహా బల్ల మీద ఉండటం పథకం నిలవడానికి తోడ్పడింది. విధానం మీద పరిశోధన ఎందుకని అడిగేవాళ్లకు దీనికంటే మంచి జవాబు లేదు.

ఇంతవరకు సర్కారు డబ్బు సంగతి. రెండో ప్రశ్న మరింత లోతైనది. కరువు పని బాగుపడితే ఆసామి చేలో కూలి ఏమవుతుంది? రైతులు ఏళ్లుగా చెబుతున్న మాట ఒకటుంది. ఉపాధి పని వల్ల కూలీలు దొరకడం లేదు, రేట్లు పెరిగిపోయాయి, సాగు గిట్టడం లేదు. పాఠ్యపుస్తకం కూడా దాదాపు ఇదే చెబుతుంది. కూలి రేటు పెరిగితే యజమాని పెట్టుకునే మనుషులు తగ్గుతారని దాని లెక్క. ఉపాధి పథకం దేశమంతా విడతలవారీగా వచ్చిన తీరును పోల్చి క్లెమెంట్ ఇంబెర్ట్, జాన్ పాప్ అనే ఆర్థికవేత్తలు 2015లో ఒక వ్యాసం అచ్చు వేశారు. ఎండాకాలంలో ప్రైవేటు కూలి ఐదు శాతం దరిదాపుల్లో పెరిగిందని చెప్పారు. మురళీధరన్ బృందం దగ్గర ఎనిమిది జిల్లాల లాటరీ ఉంది కాబట్టి ఈ ప్రశ్నను మరింత పదునుగా అడగగలిగింది. ఆ వ్యాసం ఎన్నో చేతులు మారి, సవరణలు చేసుకుని 2023లో ఎకనోమెట్రికా పత్రికలో వెలువడింది.

కార్డులు వచ్చిన మండలాల్లో ఉపాధి పనికి వెళ్లే కుటుంబాల మొత్తం సంపాదన 14 శాతం పెరిగింది. పేదరికం 26 శాతం తగ్గింది. పెరిగిన సంపాదనలో 86 శాతం ఉపాధి పని నుంచి రాలేదు, బయటి పని నుంచి వచ్చింది. చేలల్లో కూలి రేటు పెరిగింది, ధరల పెరుగుదల తీసేసి లెక్కించినా పెరిగింది. అన్నిటికంటే ఆశ్చర్యం ఏమిటంటే, బయట దొరికే పనిదినాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. రేటూ పెరిగింది, పనీ పెరిగింది. పాఠ్యపుస్తకం ఇలా చెప్పదు.

ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే ఒక ఊహా లెక్క వేసుకోవాలి. ఒక ఊళ్లో పెద్ద ఆసామి ఒక్కరే. రోజుకు 200 రూపాయలిస్తే పదిమంది వస్తారు. పదకొండో మనిషి కావాలంటే 220 ఇవ్వాలి. కానీ కొత్తగా వచ్చినవాడికి 220 ఇచ్చి పాతవాళ్లకు 200 ఇస్తే ఊరుకోరు, అందరికీ 220 ఇవ్వాల్సిందే. అంటే పదకొండో మనిషి ఖరీదు ఆసామికి 220 కాదు. అతని 220, మిగతా పదిమందికి తలా 20 చొప్పున మరో 200, కలిపి 420. అంత దండగెందుకని పదిమందితోనే సరిపెడతాడు. కలుపు కొంత మిగిలిపోయినా, కాయ కొంత రాలిపోయినా సరే. ఇప్పుడు ఊళ్లో 220 రూపాయల కరువు పని సక్రమంగా నడుస్తోందనుకోండి. డబ్బు సకాలంలో వస్తోంది. ఇక 200కు ఎవరూ రారు. ఆసామి పదిమందికీ 220 ఇవ్వక తప్పదు. ఒకసారి అది ఇచ్చాక పదకొండో మనిషి ఖరీదు 220 మాత్రమే. కాబట్టి అతణ్ని కూడా పిలుస్తాడు. రేటు పెరిగినా పని పెరగడం వెనుక ఉన్న సూత్రం ఇదే.

అమ్మేవాడు ఒక్కడే ఉంటే సరుకు ధర పెంచినట్టు, శ్రమను కొనేవాడు ఒక్కడే ఉంటే కూలిని తొక్కిపెట్టగలడు. ఈ కొనుగోలుదారు గుత్తాధిపత్యాన్ని 1933లోనే ఇంగ్లండు ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ సిద్ధాంతంగా రాశారు. అమెరికాలో డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో న్యూజెర్సీ ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల మీద చేసిన పరిశోధనలో కనీస వేతనం పెంచినా ఉద్యోగాలు తగ్గలేదని చూపారు. కార్డ్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికా హోటళ్లలో కనిపించిన సంగతి తెలుగు పల్లె చేలల్లోనూ కనిపించింది. తేడా ఏమిటంటే, ఇక్కడ కనీస కూలిని చట్టపుస్తకం నిలబెట్టలేదు, పక్కనే ఉన్న మరో పని నిలబెట్టింది. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. చేలో దాన్ని అమలు చేయించిన ఇనస్పెక్టరును చూసిన కూలీ అరుదు.

ఇదంతా ఊహే అనుకోకుండా ఉండటానికి పరిశోధకులు మూడు గుర్తులు చూపారు. కనీసం ఇంత ఇస్తేనే వస్తామని కూలీలు చెప్పే రేటు పెరిగింది. భూమి మీద యజమానికి వచ్చే రాబడి తగ్గింది. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడిన ఊళ్లలో పనిదినాలు మరింత ఎక్కువగా పెరిగాయి. ఈ మూడో గుర్తు చాలా ముఖ్యం. ఆసాములు ఎక్కువగా ఉండి పోటీపడే ఊళ్లో ఎవరూ రేటు తొక్కిపెట్టలేరు కాబట్టి మార్పు తక్కువ. ఒకరిద్దరి చేతిలో భూమి ఉన్న ఊళ్లో తొక్కిపెట్టిన మేరా ఎక్కువ, విడుదలైన మేరా ఎక్కువ.

కూలి మార్కెట్టు మండలం హద్దు దగ్గర ఆగిపోదు. పొద్దున్నే ఆటోల్లో, ట్రాక్టర్లలో కూలీలు హద్దులు దాటతారు. కారేపల్లిలో రేటు పెరిగితే కామేపల్లి, ఇల్లెందు, గార్ల చేలకు కూడా ఆ మాట చేరుతుంది. అందుకే పరిశోధకులు ఒక్కో ఊరి చుట్టూ ఉన్న ఊళ్లలో ఎన్నింటికి కార్డులు వచ్చాయో కూడా లెక్కలోకి తీసుకున్నారు. అలా తీసుకుంటే ఫలితం ఇంకా పెద్దదిగా తేలింది. పెరిగిన కూలి ఊళ్లోనే ఖర్చయింది. వ్యవసాయేతర చిన్న వ్యాపారాలు, వాటిలో పనిచేసేవాళ్లు ఆ ప్రాంతాల్లో వేగంగా పెరిగారు. కూలీ చేతిలో నాలుగు రూపాయలు ఆడితే సంతలో బట్టల కొట్టు, కుట్టుమిషను, టీ బండి నిలబడతాయి.

ఇక్కడ రైతు మాట కూడా వినాలి. రాబడి తగ్గిందన్న ఆ భూమి యజమానుల్లో ఐదెకరాల మిర్చి వేసిన చిన్న రైతు కూడా ఉంటాడు. ఆ రైతు భార్య వేరే చేలో కూలికి పోతుంది. ఆ ఇంటికి ఒక చేతిలో లాభం, మరో చేతిలో నష్టం. అందరికంటే ఇరుకున పడేది కౌలు రైతు. కౌలు ముందే కట్టి, అప్పు తెచ్చి, పంట కోత రేటు పెరిగితే మోయవలసింది అతనే. ఈ పరిశోధన భూమి రాబడి తగ్గిందని చెప్పింది కానీ కౌలు తగ్గాలని చెప్పే అధికారం దానికి లేదు, ఆ పని ప్రభుత్వాలది. కౌలు రైతుకు గుర్తింపు, రుణం, పంట బీమా ఇవ్వకుండా రైతు నష్టానికి కూలీని నిందించడం తగదు. వ్యవసాయ పనుల కాలంలో ఉపాధి పని ఆపాలన్న డిమాండును కూడా ఈ వెలుగులోనే తూచాలి. కూలీకి బేరం బలం అవసరమయ్యేది సరిగ్గా ఆ కాలంలోనే.

వేలిముద్రే మంత్రం అనుకున్నా తప్పే. అదే ముగ్గురు పరిశోధకులు తర్వాత జార్ఖండ్‌లో రేషన్ బియ్యానికి ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసిన తీరును కోటిన్నర మంది లబ్ధిదారుల మీద పరిశీలించారు. అక్కడ వేలిముద్ర ఒక్కటే దోపిడీని తగ్గించలేదు. ఆధార్ ముడిపడని కార్డులవాళ్లకు అందే బియ్యం పదిశాతం తగ్గింది. తర్వాత మిషను లెక్కల ఆధారంగా డీలర్లకు కోటా కోసినప్పుడు దొంగతనం బాగా తగ్గింది గానీ, న్యాయంగా రావలసినవాళ్లు కూడా ఎక్కువమంది నష్టపోయారు. యంత్రం ఒకటే, ఫలితం వేరు. తెలుగు నేల మీద కార్డు లేకపోయినా డబ్బు ఇచ్చారు, జార్ఖండ్‌లో వేలిముద్ర తప్పనిసరి చేశారు. ఇక్కడ మిషను ఊళ్లోకి వచ్చింది, కూలీ దగ్గరికి వచ్చింది. విధానం రాసేవాళ్లు ముందు ఎవరి సౌకర్యం చూశారన్నదే తేడా.

తెలంగాణ ఏర్పడ్డాక మురళీధరన్ బృందం మళ్లీ ఈ నేలకే వచ్చింది. 2018లో పంట పెట్టుబడి సాయంగా రైతుబంధు చెక్కులు పంచినప్పుడు, లాటరీలో తేలిన కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు ఒక్క మాట ముందే చెప్పారు. మీ మండలంలో చెక్కు అందిందా లేదా అని రైతులకే ఫోన్ చేసి అడుగుతాం అని. అంతే. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి వంద రూపాయలకు అయిన ఖర్చు నాలుగు రూపాయల లోపే. లబ్ధిదారుణ్ని అడిగే ప్రభుత్వానికి కొత్త సిబ్బంది కూడా పెద్దగా అక్కర్లేదని దీంతో తేలింది. ఇలాంటి పనిని రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి చేయడానికి ఆయన సెజిస్ అనే సంస్థ స్థాపనలో భాగమయ్యారు. రెండు దశాబ్దాల పరిశోధనను 2024లో యాక్సిలరేటింగ్ ఇండియాస్ డెవలప్‌మెంట్ అనే పెద్ద పుస్తకంగా వెలువరించారు.

ఆయన ఈ దారిలో ఒంటరి కాదు. అప్పటి పాలమూరు జిల్లా ఔరేపల్లిలో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ 1975లో ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టింది. పల్లె కూలి ఎలా మారిందో తెలుసుకోవడానికి అది అపురూపమైన ఖాతా పుస్తకం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన డి. నరసింహారెడ్డి గ్రామీణ శ్రమ మీద, ఉపాధి హామీ మీద ఏళ్ల తరబడి రాశారు. ఉపాధి పనుల సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా నడపడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో ఒక ప్రత్యేక సంస్థనే పెట్టింది. మస్టరు రోలును గ్రామసభలో చదివి వినిపించడం అందులో భాగం. ఊళ్లో చదువుకున్న పిల్లలే ఆ తనిఖీల్లో ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎన్ని దినాలు పని చేశారో అడిగి రాసుకున్నారు. లాటరీ పరిశోధన ఎంత మారిందో చెప్పగలదు. ఎవరి పేరు మీద ఎవరు డబ్బు తిన్నారో ఊరికి చెప్పేది మాత్రం ఈ చదివి వినిపించడమే.

కార్డులు రాని మండలాల్లో పరిశోధకులు చూసినప్పుడు పని చేసిన రోజు నుంచి కూలి చేతికందడానికి సగటున నెల దాటేది. చట్టం చెప్పింది పదిహేను రోజులు. ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని కూడా అదే చట్టం చెప్పింది. ఊళ్లో గ్రామసభ జరిగినప్పుడు రోజు కూలి ఎంత అని అడిగి ఊరుకోవద్దు. పని ముగిసిన ఎన్నో రోజున డబ్బు వచ్చింది, ఆలస్యానికి పరిహారం ఎంత జమ అయింది అని కూడా అడిగి, ఆ జవాబును తీర్మానం పుస్తకంలో రాయించండి.